టీబీ నయమైన మనిషి నిద్ర

బస్సు దిగేసరికి చింతూరులో చీకటి పడింది. శ్రావణ మాసం. వాన ఆగి అరగంట కూడా కాలేదు, రేకుల చూరుల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. టీ కొట్టు ముందు కాసేపు నిలబడండి. కోయ భాష, తెలుగు, ఒడియా, బస్తరు హిందీ అన్నీ ఒకే బల్ల మీద వినిపిస్తాయి. మీరు నిలబడ్డ 30వ నంబరు జాతీయ రహదారి కుంట మీదుగా సుక్మా, జగదల్‌పూర్ వెళ్తుంది. ఇంకో దారి మోటు మీదుగా మల్కన్‌గిరికి. మూడోది ఘాట్ ఎక్కి మారేడుమిల్లి, రంపచోడవరం మీదుగా రాజమండ్రి దిగుతుంది. 2014 దాకా ఈ ఊరు ఖమ్మం జిల్లా. విభజనతో తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. జిల్లాలు మారాయి గానీ పెద్దాసుపత్రి మాత్రం ఒక్క కిలోమీటరు కూడా దగ్గరికి రాలేదు.

ఆటో ఎక్కి గూడెం దాకా రండి. మీరు వెళ్తున్న ఇంటికి చిరునామా ఉండదు. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. టీబీ తినేయగా మిగిలిన ఊపిరితిత్తులతో, రాత్రిపూట మాస్కు పెట్టుకుని పడుకునే మనిషి ఇంట్లో ఏం జరుగుతుందో చూపడానికి నేను కట్టిన ఇల్లు. గోడలు నావి. రోగం, మిషను, శబరి వరద, కరెంటు కోత మాత్రం నిజం.

వాకిట్లో ఆశా కార్యకర్త ఎదురొస్తుంది. లోపల నులక మంచం మీద ఒక మనిషి ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి కూర్చున్నాడు. వయసు యాభై అయిదు ఉంటుందేమో, చూస్తే డెబ్బై అంటారు. దవడలు లోపలికి పోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ నరాలు తాళ్లలా బిగుస్తున్నాయి, కంఠం కింద గుంట పడుతోంది. మీరు నమస్తే అంటే తల ఊపుతాడు. మాటకు గాలి కావాలి. ఆ గాలిని ఆయన లెక్కగా వాడతాడు.

“తిన్నవా మావా?” అంటుంది ఆశా.

“తిన్న... కోడలా. జావ... కొంచెం.”

పొద్దుగూకకముందే, అదీ సగం గిన్నెడే తింటాడు. కడుపు నిండితే ఊపిరితిత్తుల కింద ఉండే విభాజకపటలం, అంటే డయాఫ్రం, కదలడానికి చోటుండదు. పైగా మిషను తోసే గాలి కొంత కడుపులోకీ పోతుంది. కడుపు నిండా తిన్న రాత్రి పొట్ట ఉబ్బి మాస్కు తీసి పారేస్తాడు. ఈ సంగతి ఆయన భార్య నెల రోజుల్లో కనిపెట్టింది, ఎవరూ చెప్పకుండానే.

దూలానికి వేలాడుతున్న పాలిథిన్ సంచి అడగండి, దించి చూపిస్తారు. రేషన్ కార్డు, ఆధార్‌తో పాటు రెండు పాత టీబీ కార్డులు ఉంటాయి. మొదటిది ఎర్ర డబ్బా మందులది. అంటే కేటగిరీ 1, కొత్త రోగి. రెండోది నీలం డబ్బాది. రోగం తిరగబెట్టిన వాళ్లకిచ్చే కేటగిరీ 2, ఎనిమిది నెలల కోర్సు. అందులో మొదటి రెండు నెలలు రోజు విడిచి రోజు స్ట్రెప్టోమైసిన్ సూదులు, మొత్తం 24. ఆ డబ్బాల పద్ధతి ఇప్పుడు లేదు. 2017 నుంచి దేశమంతా రోజువారీ మాత్రలే. రెండు కార్డుల చివరా ఒకే ముగింపు: నయమైంది.

అది అబద్ధం కాదు. క్రిమి చచ్చింది. గళ్ల పరీక్ష ఎన్నిసార్లు చేసినా నెగెటివే. కానీ ఆ ఎక్స్‌రే ఫిల్మును లైటుకు పెట్టి చూడండి. ఎడమవైపు ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. దాని లాగుడుకు శ్వాసనాళం మధ్య నుంచి ఎడమకు జరిగింది, గుండె కూడా అటే ఒరిగింది, డయాఫ్రం పైకి లేచింది. ఊపిరితిత్తి చుట్టూ పొర మందంగా గట్టిపడింది. కుడివైపు పైభాగంలో పాత గుంట. సినిమాల్లో టీబీ వచ్చిన మనిషి రుమాల్లో నెత్తురు కక్కి చనిపోతాడు, లేదా బతికి పెళ్లి చేసుకుంటాడు. నయమయ్యాక పదిహేనేళ్లకు ఊపిరాడక కూర్చున్న మనిషి ఏ రీలులోనూ కనిపించడు. 1980 నుంచి 2019 దాకా టీబీ బారినపడి, 2020 నాటికి ప్రాణాలతో ఉన్నవాళ్లు ప్రపంచంలో 15.5 కోట్ల మంది ఉంటారని ఒక అంచనా. వాళ్లందరికీ ఇలా కాదు. కొందరికి మాత్రం ఇలాగే.

ఇప్పుడు ఆయన ఊపిరి లెక్కపెట్టండి. గడియారం చూసి ఒక్క నిమిషం. ఇరవై ఎనిమిది వస్తుంది. మీది పద్నాలుగో, పదిహేనో. చూడ్డానికి ఆయనే ఎక్కువ గాలి పీలుస్తున్నట్టు ఉంటుంది. లెక్క వేరు. మీరు ఒక్కో శ్వాసకు అర లీటరు గాలి తీసుకుంటారు. అందులో సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, నాళాల్లోనే ఉండిపోయి తిరిగొచ్చేస్తాయి, నెత్తురును తాకవు. మిగతా 350 పనికొస్తాయి. పద్నాలుగు శ్వాసలకు దాదాపు అయిదు లీటర్లు. ఆయన శ్వాస 250 మిల్లీలీటర్లే అనుకోండి. దారి ఖర్చు మాత్రం అదే 150. మిగిలేది వంద. ఇరవై ఎనిమిది సార్లు రొప్పినా మూడు లీటర్లు కావు. ఇద్దరూ నిమిషానికి పీల్చింది ఏడేసి లీటర్లే. మీ ఏడులో అయిదు పని చేశాయి, ఆయన ఏడులో మూడు కూడా చేయలేదు.

పగలు ఈ లోటును మెడ కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు కష్టపడి పూడుస్తాయి. రాత్రి నిద్రలో అవి సోలిపోతాయి. ముఖ్యంగా కలలు వచ్చే నిద్రలో డయాఫ్రం ఒక్కటే పని చేస్తుంది, మిగతా కండరాలన్నీ వదులైపోతాయి. ఆయన డయాఫ్రం ఒకవైపు ఎప్పుడో అతుక్కుపోయింది. కల వస్తే ఊపిరి తగ్గుతుంది. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ నెత్తురులో పేరుకుంటుంది. తెల్లారి లేస్తే తల పగిలిపోతున్నట్టుంటుంది. పగలు కూర్చున్నచోటే కునుకు. మాట తడబాటు. గూడెంలో అందరూ ఏమనుకున్నారో తెలుసా? రాత్రి ఇప్పసారా ఎక్కువైందని. ఆయన తాగడం మానేసి అప్పటికి చాన్నాళ్లయింది. కాళ్లు వాస్తే కిడ్నీ అనుకున్నారు. అదీ కాదు. ఊపిరితిత్తుల్లోకి నెత్తురును తోయలేక గుండె కుడివైపు అలసిపోవడం అది.

ఎనిమిదిన్నర. మంచం పక్కన చెక్క బల్ల మీద ఒక చిన్న పెట్టె. అరచేతులు రెండూ పరిస్తే దాని మీద సరిపోతాయి. దాన్నుంచి ఆరడుగుల మెత్తటి గొట్టం, గొట్టం చివర మాస్కు. డాక్టర్ల భాషలో బైపాప్. ఈ ఇంట్లో గాలి మిషను. కోవిడ్ రెండో వేవ్‌లో పట్నంలో ఎవరో కొని, అవసరం తీరాక మూల పెట్టింది, చేతులు మారి ఇక్కడికొచ్చింది. భార్య మాస్కును పొద్దునే సబ్బు నీళ్లతో కడిగి దండెం మీద నీడలో ఆరేసింది. ఇప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని, దోమతెర ఎత్తి, ఆయన ముఖానికి ఆనిస్తుంది.

“ఇగో, నోరు మూసుకో. పట్టీ గట్టిగా లాగకు.”

ఇక్కడే అసలు తంటా. మాస్కులు తయారుచేసేవాళ్లు నిండు బుగ్గల్ని చూసి చేస్తారు. ఈయన బుగ్గలు లోపలికి పోయాయి, పై పళ్లు మూడు లేవు. పక్కల నుంచి గాలి బుస్సున కారి కంట్లోకి కొడుతుంది. పట్టీ బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది. మొదటి నెల అలా పుండు పడి మానడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు ఆవిడ చేసే పని చూడండి. ముక్కు మీద పలుచటి మెత్తటి అంటుపట్టీ ఒకటి వేసి, మాస్కు పెట్టి, ముందు మిషను ఆన్ చేసి గాలికి మాస్కు ఉబ్బనిచ్చి, ఆ తర్వాత రెండు వేళ్లు దూరేంత వదులుగా పట్టీలు సర్దుతుంది. నర్సింగ్ పాఠం అదే చెప్తుంది. ఆవిడ బడికి పోలేదు.

మిషను మొదలైంది. చెవి పెట్టి వినండి. ఆయన ఊపిరి తీయబోతున్న క్షణాన్ని అది పసిగడుతుంది, వెంటనే గాలి తోస్తుంది. తోసేటప్పుడు ఒత్తిడి 20, వదిలేటప్పుడు 5. ఈ అంకెలు సెంటీమీటర్ల నీటి పీడనం. బిందెలో జానెడు లోతున నీళ్లు ఎంత ఒత్తుతాయో దాదాపు అంత. పెద్ద బలమేమీ కాదు. కానీ రాత్రంతా, ప్రతి శ్వాసకూ ఆ కాస్త సాయం అందితే 250 మిల్లీలీటర్ల శ్వాస 400 దాకా పోతుంది. దారి ఖర్చు పోగా మిగిలేది రెండింతలు దాటుతుంది. ఆయన ఊపిరి తీయడం మరిచిపోతే మిషను తనంతట తానే నిమిషానికి 16 సార్లు తోస్తుంది. గొంతు కోయలేదు, గొట్టం దించలేదు. నోట్లో, ముక్కులో ఏమీ పెట్టలేదు. అందుకే డాక్టర్లు దీన్ని నాన్ ఇన్వేసివ్ అంటారు. పొద్దున తీసి పక్కన పెడితే జావ తాగవచ్చు, మనవడితో మాట్లాడవచ్చు.

పావుగంట గడిచింది. ఆయన మెడ వైపు చూడండి. నరాలు సడలాయి. ఊపిరి ఇరవైకి దిగింది. చేయి మంచం పట్టె మీద నుంచి జారింది.

మీకెలాగూ నిద్ర రాదు. ఈ మిషను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో ఊరంతా పాకి, ఊపిరి కండరాలు చచ్చుబడ్డ పిల్లలు ఆసుపత్రి నిండా చేరారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టించాడు. వందలాది వైద్య విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబవళ్లు రబ్బరు సంచి పిసికి వాళ్లను బతికించారు. గాలిని లోపలికి తోసి బతికించవచ్చని లోకానికి నమ్మకం కుదిరింది అప్పుడే. 1981లో సిడ్నీలో కొలిన్ సలివాన్ గురక రోగులకు ముక్కు మాస్కుతో గాలి పెట్టాడు. ఆ మాస్కును వెంటిలేటరుకు తగిలించి ఇంట్లోనే రాత్రిపూట వాడటం ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మొదలైంది. మొదట ఎవరికి? కండరాలు క్షీణించినవాళ్లకు, వెన్ను వంకర పోయినవాళ్లకు, పాత టీబీ రోగులకు.

అవును, టీబీ రోగులకే. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి 1912లో పునాది పడ్డప్పుడు టీబీకి మందే లేదు. ఆ కాలంలో లోకమంతా శానిటోరియాల్లో ఎండ, గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి. అవి చాలకపోతే ఊపిరితిత్తిని అణిచేయడానికి పక్కటెముకలు కోసి తీసేసే ఆపరేషను, థొరాకోప్లాస్టీ. స్ట్రెప్టోమైసిన్ 1940లలో వచ్చాక ఆ కత్తి పక్కకు పోయింది. కానీ అలా బతికి బట్టకట్టినవాళ్లు ముప్పై, నలభై ఏళ్లకు మళ్లీ ఊపిరాడక ఆసుపత్రులకు రావడం మొదలైంది. ఇంగ్లండులో, ఫ్రాన్సులో, జపాన్‌లో వాళ్లకు రాత్రి మిషన్లు ఇచ్చి ఇంటికి పంపారు. నెత్తురులో కార్బన్ డయాక్సైడ్ దిగింది, ఆసుపత్రి చేరికలు తగ్గాయి, చాలామంది ఏళ్ల తరబడి బతికారు. ఇందులో పెద్ద ఎత్తున చీటీలు తీసి పోల్చిన పరిశోధనలు లేవు. ఎక్కువ భాగం డాక్టర్లు తమ రోగులను ఏళ్ల తరబడి గమనించి రాసినవే. అయినా ఎవరూ దీన్ని కాదనరు. జపాన్‌లో అయితే ఇంట్లో వెంటిలేటరు వాడే వాళ్లలో టీబీ మిగుల్చుకున్నవాళ్లు ఒకప్పుడు పెద్ద వర్గం. మనకు ఇది కొత్తగా కనిపిస్తోందంటే వైద్యం కొత్తదని కాదు, మనవాళ్ల దాకా రాలేదని.

ఒంటిగంట దాటింది. టప్‌మని చీకటి.

మిషను శబ్దం ఆగింది. వెంటనే మీ గుండె కొట్టుకోవడం మీకే వినిపిస్తుంది. కంగారు పడకండి. మాస్కు ముందు భాగంలో చిన్న రెక్క ఒకటి ఉంటుంది. లోపల ఒత్తిడి పోగానే అది తెరుచుకుని బయటి గాలిని రానిస్తుంది. అయినా ఆలస్యం పనికిరాదు. కొడుకు అప్పటికే లేచాడు. టార్చి నోట్లో కరుచుకుని, మూలనున్న ఇన్వర్టరు స్విచ్ తిప్పుతాడు. ఫ్యాను వైరు, బల్బు వైరు పీకేశాడు. ఒక్క మిషనే. దాని పక్కనున్న నీటి తొట్టె, గాలిని వెచ్చగా తేమగా చేసేది, అది కూడా ఆపేశాడు. వేడి చేయడానికే కరెంటు ఎక్కువ తింటుంది. మళ్లీ బుస్, బుస్.

ఈ లెక్క కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేసి ఏజెన్సీకి ఈ మిషన్లు పనికిరావంటారు. తేమ తొట్టె లేకుండా ఇలాంటి మిషను సుమారు 50 వాట్లు లాగుతుంది. ఎనిమిది గంటలకు 400 వాట్ అవర్లు. మామూలు ఇన్వర్టరు బ్యాటరీ, 12 వోల్టులు 150 ఆంపియర్ అవర్లు, కాగితం మీద 1,800. పాతబడి సగమే ఇచ్చినా రెండు రాత్రులు గడుస్తాయి. అదే మూలనున్న కాన్సంట్రేటరు, కరెంటు పోయేదాకా మాస్కులోకి ఆక్సిజన్ పంపింది, 300 వాట్ల పైనే తింటుంది. రాత్రంతా నడిపితే 2,400 దాటుతుంది, తెల్లారకముందే బ్యాటరీ చస్తుంది. రెండింట్లో కరెంటు తక్కువ అడిగేది ఊపిరి మిషనే. ఇదే మండలంలో, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం ఉంది. 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 460. ఈ మనిషికి కావలసింది 50 వాట్లు.

వరద వస్తే మాట వేరు. గోదావరి నిండితే కూనవరం దగ్గర శబరిని పోనివ్వదు. నీళ్లు వెనక్కి తన్ని ఎగపోటు వస్తుంది. సోకిలేరు, చంద్రవంక వాగులు రోడ్డెక్కుతాయి. ట్రాన్స్‌ఫార్మర్లు మునగకముందే లైన్లు ఆపేస్తారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. అప్పుడు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో కరెంటు గంటల్లో కాదు, రోజుల లెక్కన లేదు. అందుకే కొడుకు ఈ ఏడు వానలకు ముందే ఒక సోలార్ పలక, గుట్ట మీది బంధువుల ఇంట్లో మంచం చోటు సిద్ధం చేసుకున్నాడు. మొదటి హెచ్చరికకే నాన్నను, పెట్టెను కలిపి తీసుకెళ్లాలి. మందులు మరిచిపోయినా తిరిగి తెచ్చుకోవచ్చు. పెట్టె మరిచిపోతే తెప్పించే దారి ఉండదు.

ఇప్పుడు ఆయన వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలించండి. కాన్సంట్రేటరు ఆగింది కదా, ఆక్సిజన్ శాతం ఒక్కొక్కటిగా దిగుతోంది. 88. 87. 86. మీ పక్కనే ఎర్ర సీలు తీసిన చిన్న ఆక్సిజన్ సిలిండరు ఉంది. మీ చెయ్యి నాబ్ మీదకు పోతుంది. పూర్తిగా తిప్పేద్దామనిపిస్తుంది. అయిదు లీటర్లు పెడితే క్షణాల్లో 98 వస్తుంది, అందరికీ హాయి.

ఆగండి. ఈ ఇంట్లో ఒకసారి అదే జరిగింది. మిషను రాకముందు, కాన్సంట్రేటరు ఒక్కటే ఉన్న రోజుల్లో, ఆయాసం ఎక్కువైందని అయిదు మీద పెట్టారు. వేలి మీద 97 కనిపించింది. ఆయన చాలా రోజుల తర్వాత హాయిగా పడుకున్నాడు. ఎవరూ లేపలేదు, పాపం నిద్రపోనీ అని. పొద్దెక్కినా లేవలేదు. కుదిపితే కళ్లు తెరిచి మళ్లీ మూశాడు. ఘాట్ రోడ్డు మీద అంబులెన్సు. పెద్దాసుపత్రిలో మణికట్టు దగ్గర ధమనిలో సూది పెట్టి నెత్తురు తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ 90 దాటింది. 35 నుంచి 45 మధ్య ఉండాల్సింది. అది నిద్ర కాదు, విషం ఎక్కిన మత్తు. ఇలాంటి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ మోతాదు మించితే నెత్తురు తప్పుడు చోట్లకు మళ్లుతుంది, ఊపిరి తీయాలన్న తొందర కూడా తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పోగుపడుతుంది. వేలి మీద అంకె మాత్రం చక్కగా ఉంటుంది.

అందుకని ఒక్క లీటరు. అంతే. మాస్కు గొట్టంలోకి సన్నటి పైపు తగిలించి, నాబ్ ఒకటి మీద పెట్టండి. 88 నుంచి 92 మధ్య నిలిస్తే చాలు. చూశారా, 89. ఇక చేతులు వెనక్కి తీసుకోండి. బయట పొయ్యి ఆరిందో లేదో మాత్రం ఒకసారి చూడండి, ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదు.

నాలుగున్నరకు కరెంటు వచ్చింది. కోడి కూసింది. ఆరింటికి ఆయన తనే పట్టీలు ఊడదీసి, కాళ్లు కిందికి దించి కూర్చున్నాడు. ముఖాన మాస్కు అచ్చు.

“తలకాయ ఎట్లుంది?” అంటుంది భార్య.

“ఏం లేదు. పొగాకు... ఉందా?”

“ఉంటే మాత్రం ఇస్తనా?”

కొడుకు మిషను వెనక నుంచి ఫిల్టరు తీసి చూపిస్తాడు. తెల్లగా ఉండాల్సింది నల్లగా ఉంది. పట్నంలో నెలకోసారి మార్చేది ఇక్కడ కట్టెల పొగకు వారానికే నల్లబడిపోతుంది. ఆ పొగే ఆయన ఊపిరితిత్తుల్లోకీ పోతోంది. పొయ్యిని వాకిట్లోకి మార్చారు గానీ వానాకాలం మళ్లీ లోపలికే వస్తుంది. గొట్టాన్ని ఒకసారి ఎలుక కొరికింది. అప్పటి నుంచి పగలు దూలానికి వేలాడదీస్తున్నారు. చిన్న సంగతులే. ఇంట్లో వెంటిలేటరు నిలుస్తుందా లేదా అనేది ఈ చిన్న సంగతులే తేలుస్తాయి.

ఆశాతో కలిసి రోడ్డు దాకా నడవండి. ఆమె సంచిలో ఆక్సీమీటరు ఉంది. ఆక్సిజన్ ఎంతో గూడెంలోనే తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఎంతో తెలియాలంటే ధమని రక్తం కావాలి. దాన్ని మామూలుగా ఉంచితే అరగంటలో, మంచులో పెడితే గంటలో పరీక్షించాలి. టీబీ గళ్లను డబ్బాలో పెట్టి పంపవచ్చు. ఈ నెత్తురును ఘాట్ దాటించలేం, రోగే వెళ్లాలి. రాజమండ్రి దాదాపు 130 కిలోమీటర్లు, ఆ మలుపుల్లో. చేతిలో పట్టే రక్తవాయు పరికరాలు వచ్చి చాలా ఏళ్లయింది. వాటి కార్ట్రిజ్‌లను ఫ్రిజ్‌లో దాచాలి, టీకాలు దాచే ఆసుపత్రికి అదో భారం కాదు. చింతూరు లాంటి చోట ముందు కావలసింది ఆ పరికరమే, మిషన్లు తర్వాత. ఎవరికి కావాలో తెలియకుండా మిషన్లు పంచితే అవి అటకెక్కుతాయి.

ఈలోగా ఒక తేలిక దారి ఉంది. చేతి నరం నుంచి తీసే మామూలు రక్తంలో బైకార్బొనేట్ చూడమనండి. 27 దాటితే శరీరం చాన్నాళ్లుగా కార్బన్ డయాక్సైడ్‌తో కుస్తీ పడుతోందని అనుమానించి, రోగిని అప్పుడు ఘాట్ ఎక్కించవచ్చు. టీబీ కార్యక్రమం కోర్సు అయిపోయాక రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి రోగిని చూడాలంటుంది. అది క్రిమి తిరగబెట్టిందేమోనని చూడటం. ఆ నాలుగు చూపుల్లో ఒక్క నడక పరీక్ష, ఒక్క ఊదుడు పరీక్ష, నాలుగు ప్రశ్నలు కలిపితే ఖర్చు పెద్దగా పెరగదు. టీబీ రోగుల తిండికి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ పోషణ సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలైంది, మంచిదే. కోర్సుతోనే అది ఆగిపోతుంది. ఊపిరితిత్తి కష్టం మాత్రం చాలామందికి ఆ తర్వాతే మొదలవుతుంది.

ఆశా ఇప్పుడు తన గూడేల్లో పాత టీబీ కార్డులున్న ఇళ్లన్నీ తిరిగి ఆ నాలుగు ప్రశ్నలు అడుగుతోంది. పొద్దున లేవగానే తలనొప్పా? పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందా? కాళ్లు వాస్తున్నాయా? వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదా? మీ ఇంట్లో, మీ వీధిలో ఎప్పుడో టీబీ నయమైన వాళ్లుంటే మీరూ అడగండి. రెండింటికి అవునంటే ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ధమని రక్త పరీక్ష కావాలని నోరు తెరిచి అడగండి. గళ్లలో నెత్తురు పడుతుంటే, ఉన్నట్టుండి ఛాతీలో ఒకవైపు పోటు వస్తే ఆ సంగతి ముందే చెప్పండి. అలాంటప్పుడు మిషను గాలి ప్రమాదం కావచ్చు.

కోవిడ్ రోజుల్లో కొన్న బైపాప్ మీ అటక మీద ఉంటే దించండి. అది 2021 జూన్‌లో ఫిలిప్స్ రెస్పిరానిక్స్ లోపలి ఫోము పొడి రాలుతోందని వెనక్కి పిలిచిన మోడళ్లలో ఒకటేమో చూసుకోండి. కాకపోతే కొత్త మాస్కు, కొత్త గొట్టం, డజను ఫిల్టర్లు జతచేసి, దగ్గర్లోని ప్రభుత్వ ఛాతీ విభాగానికి ఇవ్వండి. రోగికి నేరుగా ఇవ్వకండి. ఒత్తిడి ఎంత పెట్టాలో డాక్టరే తేల్చాలి.